దుబాయ్ జమ్మి మీద పాలపిట్ట

దుబాయ్,
దసరా మరునాడు

బాపూ, అవ్వా,

నేను బాగున్నాను. మొన్ననే పైసలు వేశాను, పడ్డాయో లేదో తమ్ముడిని చూడమను. మోటర్ రిపేరు అందులోంచే చేయించు, మళ్లీ అప్పు తేవద్దు. పని మామూలే. గడ్డి కోయడం, చెట్లకు నీళ్ల పైపులు చూసుకోవడం.

ఆదివారం పూట పడుకోకుండా పిట్టల కోసం ఎండలో తిరుగుతున్నానని చెల్లె చెప్పిందట, అవ్వ ఏడ్చిందట. ఎండ ఎక్కడిది అవ్వా? తెల్లారి ఐదింటికి పోతే తొమ్మిది లోపే గదికి వచ్చేస్తాను. ఎండాకాలంలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఇక్కడ బయట పనే బంద్ పెడతారు. వారానికి ఆదివారం పొద్దుటి ఆ నాలుగు గంటలే నావి. అవి కూడా లేకపోతే ఈ గదిలో నాకు పిచ్చి లేస్తుంది. టెన్షన్ పెట్టుకోకు.

బాపూ, నిన్న పండుగ పూట నాకు పాలపిట్ట కనబడింది!

ఈసారి పక్కాగా మన పాలపిట్టే. పోయిన నెల అల్ ఖుద్రా చెరువుల దగ్గర ఒకటి కనబడితే ఫోటో తీసి పిట్టలు చూసే మా వాళ్ల గ్రూపులో పెట్టాను. ఆ గ్రూపులోని కేరళ సార్ వెంటనే ఫోన్ చేసి "రొమ్ము ఏ రంగుంది?" అని అడిగాడు. ఫోటో పెద్దగా చేసి చూస్తే తల, రొమ్ము అంతా లేత నీలం, వీపు ఇటుక రంగు. అది యూరప్ పాలపిట్టట. చలికాలం ఆఫ్రికాకు పోతూ సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఇక్కడ ఆగుతుంది. మన దానికి రొమ్ము గోధుమ రంగు, గొంతు దగ్గర తెల్లటి సన్న గీతలు. ఎగిరితే రెక్కల్లో ముదురు నీలం, లేత నీలం పట్టీలు పట్టీలుగా మెరుస్తాయి. యూరప్ దాని రెక్కల అంచులు నల్లగా ఉంటాయి. చిన్నప్పుడు నీ భుజం మీద కూర్చొని ఎన్నిసార్లు చూశాను, రొమ్ము ఏ రంగో ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఐనాచురలిస్ట్ అని ఒక యాప్ ఉంది. ఫోటో, తేదీ, చోటు అందులో పెడతాం. ఇంకెవరైనా చూసి అవును, అదే పిట్ట అని ఒప్పుకుంటేనే పేరు ఖాయమవుతుంది. మా గ్రూపులో లాహోర్ టాక్సీ డ్రైవర్ ఒకాయన, ఫిలిప్పీన్స్ నర్సమ్మ ఒకామె, కేరళ సార్, నేను. భాషలు కలవవు కానీ పిట్ట కనబడితే చాలు, అందరం చిన్నపిల్లలమే.

ఒక తప్పు కూడా చేశాను. మా సైటులో కంకర మీద తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. గుడ్లు అచ్చం రాళ్లలాగే ఉంటాయి, కాలు పడేదాకా తెలియదు. సంతోషం ఆగక చోటుతో సహా అందరికీ పంపేశాను. ఆ సాయంత్రమే నాలుగు కార్లు వచ్చాయి. జనం ఉంటే గుడ్ల మీద కూర్చోలేక పిట్ట అరుస్తూ పైన తిరుగుతూనే ఉంది, గుడ్లు ఎండలో మాడాయి. రెండు రోజులకు అది ఇక రాలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు నేను. అప్పటినుంచి గూడు కనబడితే ఎక్కడుందో ఎవరికీ చెప్పను.

నిన్న పొద్దున బస్సు కోసం నిలబడ్డాను. క్యాంపు గేటు బయట ఒక గాఫ్ చెట్టుంది. ఈ దేశానికి అది జాతీయ చెట్టు. రోజూ దాని కిందే నిలబడతాను కానీ అది మన జమ్మే అని మొన్న కేరళ సార్ చెప్పేదాకా నాకు తెలియదు! ఆ కొమ్మ మీదే కూర్చుంది పాలపిట్ట. గోధుమ రంగు రొమ్ము. కింద గడ్డిలోకి దూకి మిడతను పట్టుకొని మళ్లీ అదే కొమ్మ మీదికి పోయింది. దసరా పూట జమ్మి చెట్టు మీద పాలపిట్ట, అదీ దుబాయ్‌లో. చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాను.

ఒక్క మాట బాపూ. పండుగకు పాలపిట్టను పంజరంలో పెట్టి ఇంటింటికీ తెచ్చేవాడికి ఇక పైసలు ఇవ్వకు. మనం ఇస్తామనే వాడు పిట్టను పట్టి తెస్తున్నాడు. మన దేశంలో ఈ పిట్ట తగ్గిపోతోందని 2023లో వచ్చిన పక్షుల నివేదికలో కూడా ఉంది. అవ్వకు కోపం వస్తుందని తెలుసు. శుభమే కావాలంటే పొద్దున్నే పొలం దిక్కు పోదాం అను, దొరికిందాన్ని కాదు, ఎగిరేదాన్ని చూద్దాం అను.

చెట్టు కింద రాలిన ఆకులు ఇందులో పెట్టాను, కొమ్మ విరవలేదు. నేనే నీ చేతిలో బంగారం పెట్టి కాళ్లు మొక్కాను అనుకో. అవ్వకు కూడా ఇవ్వు.

బావి దగ్గర కరెంటు తీగ మీద పాలపిట్ట ఇప్పటికీ కూర్చుంటున్నదా? తమ్ముడితో ఒక ఫోటో తీయించి పంపు. రొమ్ము కనబడేటట్టు తీయమను.

మీ కొడుకు