మోటారు పోయినా పర్లేదు

రేయ్ మావా,

ఎలా ఉన్నావు? అమ్మగారి మోకాళ్ల నొప్పులు తగ్గాయా?

మొన్న ఫోన్‌లో "ఫైర్ పంపు వైరింగ్‌లో అంత ఏముందిరా, అదీ మోటారే కదా" అన్నావు. మీటింగ్‌కు టైమైందని పెట్టేశాను గానీ, ఆ మాట మనసులో ఉండిపోయింది. అందుకే ఈ పెద్ద ఉత్తరం.

మా పొలంలో బోరు మోటారు గుర్తుందా? రాత్రిపూట ఓల్టేజీ పడిపోతే స్టార్టర్ టక్కున ట్రిప్ అయ్యేది. నాన్న టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నడిచి వెళ్లి రీసెట్ బటన్ నొక్కేవాడు. ట్రిప్ కాని రోజున వైండింగ్ కాలిపోయేది. రివైండింగ్ షాపు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో! మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే విలువ అలా తెలిసింది మనకు.

ఇక్కడ అమెరికాలో కరెంటు పనుల నిబంధనల పుస్తకం ఎన్ఈసీలో 695వ ఆర్టికల్ చూస్తే, ఫైర్ పంపుకు కరెంటు వచ్చే దారిలో ఆ ఓవర్‌లోడ్ రక్షణే పెట్టకూడదంటుంది. షార్ట్ సర్క్యూట్‌కు మాత్రమే రక్షణ. కరెంటు భూమిలోకి లీకైతే ఆపేసే ఎర్త్ లీకేజీ ట్రిప్ కూడా వద్దంటుంది. మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. పై అంతస్తుల్లో మనుషులు పొగలో చిక్కుకున్నప్పుడు మోటారును కాపాడుకుని ఏం చేసుకుంటాం? అది పోతే పోనీ, నీళ్లు ఆగకూడదు.

లెక్క చూడు. 460 వోల్టుల 100 హెచ్‌పీ మోటారు అనుకో. ఫుల్ లోడ్ కరెంటు 124 ఆంపియర్లు. కేబుల్‌కు 125 శాతం లెక్కన 155 చాలు. బ్రేకరు మాత్రం రోటర్ (మోటారులో తిరిగే భాగం) బిగుసుకుపోయినప్పుడు లాగే 725 ఆంపియర్లను, పైపుల్లో ప్రెషర్ నిలబెట్టే చిన్న జాకీ పంపు లోడుతో కలిపి, ఎంతసేపైనా ట్రిప్ కాకుండా మోయాలి. అంటే 800 ఆంపియర్ల బ్రేకరు! మామూలు మోటారుకు ఇలా గీస్తే డ్రాయింగ్ అక్కడికక్కడే వెనక్కి వస్తుంది. అన్నట్టు, స్టార్టింగ్‌లో కంట్రోలర్ దగ్గర ఓల్టేజీ 15 శాతానికి మించి పడకూడదు. దూరం ఎక్కువైతే కేబుల్ లావు పెంచక తప్పదు.

ఇక ఆ కేబుల్ వెళ్లే దారి. బిల్డింగ్ లోపలి నుంచి వెళ్తే కనీసం 2 అంగుళాల కాంక్రీటు కప్పాలి, లేదంటే 2 గంటలు మంటకు తట్టుకునే ఏర్పాటు ఉండాలి. పోయిన నెల ఒక సైట్‌లో కాంక్రీటు వేసే ముందు వంగి టేపు పెట్టి చూశాను. కేబుల్ వెళ్లే పైపుకూ షట్టరింగ్‌కూ మధ్య ఒకటిన్నర అంగుళమే ఉంది. "అర అంగుళమేగా" అన్నాడు ఫోర్‌మన్. కాంక్రీటు పడ్డాక ఆ అర అంగుళం ఇంకెవరికీ కనబడదు. పైపులు జరిపించాను. అరపూట పని ఆగింది, మాటలు పడ్డాను. అయినా బాధ లేదు.

ఫైర్ వాళ్లు రాగానే బిల్డింగ్ కరెంటు తీసేస్తారు కదా, అప్పుడు పంపు ఆగిపోతే ఎలా? అందుకే పంపు లైను మెయిన్ స్విచ్‌కు ముందు నుంచే తీసుకోవచ్చు. ఆ స్విచ్ ఉన్న క్యాబినెట్‌లోంచి మాత్రం తీయకూడదు. పంపుకు విడిగా స్విచ్ పెడితే, ఆన్‌లో ఉంచి తాళం వేసే వీలుండాలి. దాని మీద పేరు అంగుళం ఎత్తు అక్షరాల్లో రాయాలి.

మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఫైర్ పంపు ఉందన్నావుగా. ఈ ఆదివారం ఒకసారి దిగి చూడు. కేబుల్ మెయిన్‌కు ముందు నుంచి వస్తోందా, తర్వాత నుంచా? సెలెక్టర్ స్విచ్ ఆటోలో ఉందా? ఏదీ ముట్టుకోకు, ఫొటోలు తీసి పంపు. ఇక్కడ శనివారం రాత్రవుతుంది, నేను మేలుకునే ఉంటాను.

నీ మావ