బొమ్మ కింద ఎవరి పేరు రాస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఏఐ గీసిన బొమ్మ కళా, కాదా అని మీ పేపర్లో కొన్నాళ్లుగా ఉత్తరాలు వస్తున్నాయి. అన్నీ చదివాను. నేనుండేది ఒడిశాలో, రాయగడ జిల్లా గుణుపూర్‌లో. ఫ్లెక్స్ షాపు నాది. మా నాన్న బోర్డులు రాసేవారు, తెలుగూ ఒడియా రెండూ, రేకు మీద సుద్ద రాసిన దారం లాగి కొట్టి గీత తీసుకుని, ఉడుత వెంట్రుకల కుంచెతో. నేను కుంచె పట్టలేదు, కంప్యూటర్ పట్టాను, దాని మీదే ఇల్లు గడుస్తోంది. కాబట్టి మెషిన్ అంటే పడక రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు.

ఆమధ్య ఒక బడి వాళ్లు వార్షికోత్సవానికి స్టేజీ వెనక కట్టే ఫ్లెక్స్ కావాలని వచ్చారు. ఫోన్‌లో బొమ్మ చూపించారు, మా కొండల్లోని సవర గిరిజనులు వేసే తీరు బొమ్మ అట. ఎర్రమట్టి రంగు మీద తెల్లగా మనుషులు, ఏనుగు, చెట్టు, సూర్యుడు. ఏఐని అడిగితే రెండు నిమిషాల్లో ఇచ్చేసింది, ఆర్టిస్టుని పిలిస్తే మూడు రోజులు, డబ్బులు కూడా ఇవ్వాలి కదా అన్నారు. పన్నెండడుగుల ఫ్లెక్స్ తీసి షాపు ముందు ఆరేశాను. ఆధార్ జిరాక్స్‌కి వచ్చిన ఒక ముసలి సవర తాత దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి, "ఎవరికోసం వేశారు బాబూ ఇది? ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" అని అడిగాడు.

ఆయన అలా ఎందుకు అడిగాడో తెలియాలంటే ఈ బొమ్మల సంగతి కొంచెం చెప్పాలి. మా పైన పుట్టాసింగి వైపు కొండల్లో లాంజియా సవరల ఇళ్లలో గోడ మీద వేసే బొమ్మను ఇడితాల్ అంటారు. ఊరికే అందం కోసం వేసేది కాదది. ఇంట్లో జబ్బు చేస్తే, చనిపోయిన పెద్దలను తలుచుకోవాలంటే, పంట బాగా రావాలంటే, ఫలానా పెద్దకో దేవుడికో ఇల్లు కట్టినట్టుగా గోడ మీద గీస్తారు. ఎర్రమట్టి అలికిన గోడ, బియ్యప్పిండి తెలుపు, కొన నలగ్గొట్టిన వెదురు పుల్ల, అంతే సరంజామా. ముందు చుట్టూ అంచు కడతారు, ఆ తర్వాతే అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. అంచు అంటే ఆ ఇంటి గోడే మరి. 2024లో దీనికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది, అంటే ఇది ఫలానా ప్రాంతం వాళ్లదే అని సర్కారు ఇచ్చే గుర్తు.

నా ఫ్లెక్స్ మీద ఏముంది? మనుషులకు రెండు త్రికోణాలు మొనలు కలిపిన నడుములు. అది మహారాష్ట్ర వార్లీ గిరిజనుల పద్ధతి, సవర బొమ్మలో ఒళ్లు అంత కోసుగా ఉండదు. అంచు మీదకి నలుగురు ఎక్కేసి ఉన్నారు. డప్పు కొట్టేవాడి చేతిలో కర్ర లేదు, చెట్టు మీది కోతి తోక కొమ్మలో కలిసిపోయి ఎక్కడ తోక అయిందో ఎక్కడ కొమ్మ మొదలైందో తెలియట్లేదు. తాత అడిగేదాకా నేను ఇవేవీ చూడలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ. పుట్టి పెరిగింది ఇక్కడే, చూస్తూనే ప్రింట్ కొట్టేశాను.

తప్పులున్నాయి కాబట్టి కళ కాదు అనట్లేదు. రేపు ఇంకో వెర్షన్ వస్తుంది, నడుములు సరిగ్గా వేస్తుంది, అప్పుడేమంటారు? పాతకాలం పద్ధతే ఉండాలనీ అనట్లేదు. ఈ ఇడితాల్ గోడల మీదకి సైకిలూ విమానమూ ఎప్పుడో ఎక్కాయి. మా ఊరికి 1931లో చిన్న రైలు వచ్చింది, చూసినదాన్ని గోడ మీద పెట్టుకోవడం సవరలకు కొత్త కాదు. సైకిల్ ఎందుకు గీశావు అని అడిగితే గీసినవాడు చెప్తాడు, చనిపోయిన మా పెద్దాయనకి పై లోకంలో తిరగడానికి కావాలి అని. నేను చెప్పాలనుకున్నదల్లా ఈ ఒక్క మాటే. ఈ గీత ఎందుకు, ఎవరికోసం అని అడిగితే జవాబు చెప్పే మనిషి ఉన్నచోట నాకు కళ కనిపిస్తుంది. నా ఫ్లెక్స్‌కి అలాంటి మనిషే లేడు. బడివాళ్లని అడిగితే ఏఐ వేసింది అంటారు, ఏఐని అడిగితే ఏదో ఒకటి చెప్తుంది గానీ అది వేసేటప్పుడు ఎవరినీ మనసులో పెట్టుకోలేదు.

ఇంకోవైపు మాట కూడా ఒప్పుకోవాలి. 2022లో అమెరికాలో కొలరాడో రాష్ట్రం ప్రదర్శనలో ఒకాయన మిడ్‌జర్నీ అనే బొమ్మలు గీసే ఏఐతో చేసిన బొమ్మకి మొదటి బహుమతి వచ్చి పెద్ద గొడవైంది. ఆయన కనీసం 624 సార్లు మాటలు మార్చి మార్చి అడిగి ఆ బొమ్మ రాబట్టానన్నాడు. అది కష్టం కాదని నేనెలా అంటాను, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాడిని. అయినా 2023లో అక్కడి కాపీరైట్ ఆఫీసు, మెషిన్ చేసిన భాగం మీద హక్కు ఇవ్వం అంది. మన దేశం చట్టంలో కూడా కంప్యూటర్ తయారుచేసిన కృతికి, దాన్ని తయారు చేయించిన మనిషే కర్త అని ఉంది. అంటే చట్టం కూడా ముందు మనిషినే వెతుకుతోంది.

నేర్చుకోవడం గురించి కూడా ఒక మాట. మనుషులూ ఇతరుల్ని చూసే నేర్చుకుంటారు కదా, ఏఐ చూసి నేర్చుకుంటే తప్పేంటి అని ఒకరు రాశారు. మా పక్క పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, తిండి పెట్టి, ఏళ్ల తరబడి అడిగి తెలుసుకున్నారు, నిఘంటువు దాకా తెచ్చారు. నేర్చుకోవడం అంటే మా ప్రాంతంలో మాకు తెలిసింది అది. నెట్‌లోంచి వందల కోట్ల బొమ్మలు ఎవరినీ అడక్కుండా లాగేసి మెషిన్‌కి పోయడాన్ని కూడా అదే మాటతో పిలిస్తే నాకు మింగుడు పడదు.

నా షాపులో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టాను. ఏఐ బొమ్మ తెస్తే ప్రింట్ తీస్తాను, కింద మూల చిన్న అక్షరాలతో "ఏఐ బొమ్మ" అని వేస్తాను. వద్దన్నవాళ్లు వేరే షాపుకి వెళ్తున్నారు, వెళ్లనివ్వండి. సవర బొమ్మే కావాలంటే పుట్టాసింగిలో వేసేవాళ్లున్నారు, నేను తీసుకెళ్తాను, నాకు కమీషన్ వద్దు. బడి గోడలకి, ఆఫీసు గోడలకి సర్కారు డబ్బుతో బొమ్మలు వేయించేటప్పుడు ఆ డబ్బు వాళ్లకే చేరాలి, జిల్లా అధికారులు ఈ నియమం పెట్టాలని నా కోరిక.

మీకు కూడా ఒక విన్నపం. మీ ఆదివారం పుస్తకంలో కథలకు బొమ్మలు వేస్తారు. చిన్నప్పుడు నాన్న కథ కంటే ముందు బొమ్మ మూల సంతకం చూపించేవారు, ఇది బాపు, చూడు ఆ గీత అని. ఈమధ్య మీ బొమ్మల మూల ఏ పేరూ ఉండట్లేదు. మనిషి వేస్తే ఆ మనిషి పేరు వేయండి, మెషిన్ వేస్తే ఏఐ అని వేయండి. వచ్చే ఆదివారం నుంచే వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
గుణుపూర్, రాయగడ జిల్లా