కాఫీ పొడి ధర ఎందుకు పెంచుతున్నాము, ఆ సొమ్ము ఎవరికి చేరుతుంది

మా దగ్గర కాఫీ పొడి, మిరియాలు, పసుపు కొంటున్న విశాఖ వాసులందరికీ నమస్కారం. వచ్చే నెల 1వ తేదీ నుంచి అరకు కాఫీ పొడి ధరను పావు కిలో పొట్లానికి 30 రూపాయలు పెంచుతున్నాము. చికోరీ కలిపిన రకంలో కాఫీ వాటా 80 శాతమే కాబట్టి దానికి 24 రూపాయలు పెరుగుతుంది. పసుపు ధరలో మార్పు లేదు. ఈ పెంపు మా దుకాణం అద్దె కోసమో కరెంటు బిల్లు కోసమో కాదు. పాడేరు, అరకు కొండల్లో మాకు గింజ అమ్మే చిన్న రైతుల కుటుంబాలు ఆ పంటను నమ్ముకుని గౌరవంగా బతకగలగాలన్నది మా ఉద్దేశం. ఆ ఉద్దేశం ఈ 30 రూపాయలతో ఎంతవరకు నెరవేరుతుందో, ఎక్కడ నెరవేరదో కూడా డబ్బు చెల్లించే మీకు తెలియాలి.

ముందుగా లెక్క చెబుతాను. రైతులు మాకు పార్చ్‌మెంట్ రూపంలో కాఫీ అమ్ముతారు. పండును కోసిన రోజే పల్పర్‌లో వేసి తొక్క తీసి, జిగురు వదిలేదాకా ఉంచి కడిగి ఎండబెడితే, పైన పలుచని గట్టి పొరతో మిగిలే గింజను పార్చ్‌మెంట్ అంటారు. ఆ పొర తీసేస్తే బరువులో దాదాపు ఐదో వంతు పోతుంది, వేయించేటప్పుడు మరో ఆరో వంతు తగ్గుతుంది. అంటే కిలో పొడికి సుమారు కిలోన్నర పార్చ్‌మెంట్ కావాలి, దానికి ఏడెనిమిది కిలోల పండు కోయాలి. ఈ పంట నుంచి పార్చ్‌మెంట్‌కు కిలోకు 60 రూపాయలు అదనంగా ఇస్తున్నాము. కిలో పొడి మీద అది 90 రూపాయలు, పావు కిలో మీద ఇరవై రెండున్నర రూపాయలు అవుతుంది. పొట్లం మీద మిగిలిన ఏడున్నర రూపాయలు వానాకాలంలో రైతులకు ముందుగా ఇచ్చే సొమ్ముపై మేము బ్యాంకుకు కట్టవలసిన వడ్డీకి పోతాయి. ఆ ఏర్పాటు ఎందుకు అవసరమైందో కింద వివరిస్తాను, ఎందుకంటే నా దృష్టిలో ధర కంటే అదే ముఖ్యం.

ఇప్పుడు ఇదే లెక్కను రైతు వైపు నుంచి చూడండి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో కాఫీ పండించే గిరిజన కుటుంబాల్లో ఎక్కువ మందికి ఉన్న తోట ఎకరం అటూ ఇటూ. ఎకరానికి నూరు కిలోల పార్చ్‌మెంట్ వస్తుందనుకుంటే, మేము ఇచ్చే అదనపు మొత్తం ఏడాదికి 6,000 రూపాయలు, నెలకు 500. ఉపయోగపడే సొమ్మే గానీ, ఒక కుటుంబం కష్టాలు తీర్చే సొమ్ము కాదు. చిన్న రైతుల ఆదాయం గురించి ప్రపంచమంతటా జరుగుతున్న చర్చలో జీవనాదాయం అన్న లెక్క ఒకటి ఉంది. సాగు ఖర్చులు పోగా మిగిలిన దానితో ఒక కుటుంబం మంచి తిండి తిని, కురవని ఇంట్లో ఉండి, పిల్లలను చదివించుకుని, వైద్యానికీ బట్టలకూ ప్రయాణాలకూ వెచ్చించి, అనుకోని ఆపదకు కొంత దాచుకోగలగాలి. రిచర్డ్ ఆంకర్, మార్తా ఆంకర్ అనే పరిశోధకులు రూపొందించిన పద్ధతిలో ఈ ఖర్చులన్నీ ఆయా ప్రాంతాల ధరల ప్రకారం కూడతారు. మన కొండల్లో ఇంటికి కావలసిన వరి, చోడి, సామ కొంతవరకు సొంత పొలంలోనే పండుతాయి, రేషను బియ్యం వస్తాయి, ఉపాధి హామీ కూలి దొరుకుతుంది. నగదు మాత్రం ప్రధానంగా కాఫీ, మిరియం, పసుపుల నుంచే రావాలి. ఇంట్లో ఒకరికి జబ్బు చేసి కొండ దిగి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు రావలసి వస్తే, వైద్యం ఉచితమే అయినా బండి ఖర్చు, తోడు వచ్చినవారి తిండి, పోయిన పని దినాలు కలిసి ఆ ఏటి మిగులును తుడిచిపెట్టేస్తాయి.

అందువల్ల ధర ఒక్కటి పెంచి రైతుకు న్యాయం చేశామని మేము అనుకోము. అలాగని ధర అనవసరమనీ కాదు. పొద మీద పండ్లన్నీ ఒకేసారి పండవు కాబట్టి ఎర్రటి పండ్లనే ఏరి కోయాలంటే ఒకే తోటను మూడు నాలుగు సార్లు తిరగాలి. పచ్చివీ పండువీ కలిపి ఒక్కసారే దూసేస్తే కూలి మిగులుతుంది, రుచి పోతుంది. మీ కప్పులోని తియ్యదనానికి ఎవరో అదనంగా పనిచేసి ఉన్నారు, ఆ పనికి కూలి గిట్టాలి.

మార్కెట్ ధర సంగతి కూడా చెప్పాలి. బ్రెజిల్‌లో కరువు తర్వాత 2025 ఫిబ్రవరిలో అరబికా రకం కాఫీ ధర న్యూయార్క్ మార్కెట్లో పౌండుకు 4 డాలర్లు దాటింది. ఆ వేడి మన సంతల దాకా వచ్చింది. మాకు గింజ ఇచ్చే కుటుంబాల్లో కొన్ని మంచి ధర వచ్చిన చోట అమ్ముకున్నాయి, అది వారి హక్కు, మేము నొచ్చుకోలేదు. 1956లో ఏర్పడి విశాఖ కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కూడా కాఫీకి కొనుగోలు ధర ప్రకటిస్తుంది కాబట్టి రైతుకు ఒక ఆసరా ఉంది. అయితే ఎక్కిన ధర దిగక మానదు, దిగినప్పుడు చిన్న రైతు ముందు నష్టపోతాడు. అందుకే ఇకపై కోతలకు ముందే ఒక కనీస ధర చెబుతాము. కొనే రోజున సంత ధర, కనీస ధరల్లో ఏది ఎక్కువైతే అది ఇచ్చి, దానిపై 60 రూపాయలు కలుపుతాము. చిన్న రైతులకు న్యాయమైన ధర అందేలా చూసే ఫెయిర్‌ట్రేడ్ అనే అంతర్జాతీయ సంస్థ పాటించే పద్ధతి ఇదే. కడిగిన అరబికాకు వారు 2023 ఆగస్టులో కనీస ధరను పౌండుకు 1.80 డాలర్లు చేశారు, మార్కెట్ కనీస ధరను మించితే మార్కెట్ ధరే చెల్లించాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. కొండల్లో కోతలు నవంబరులో మొదలై జనవరి, ఫిబ్రవరి దాకా సాగుతాయి. చేతిలో డబ్బు ఆడేది అప్పుడే. ఆషాఢం వచ్చేసరికి ఇంట్లో తిండి గింజలు అయిపోతాయి, పొలం పనులు మీద పడతాయి, బడులు తెరుస్తారు, వానలతో జ్వరాలు వస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే వర్తకుడు అప్పు ఇస్తాడు, రాబోయే పంట తనకే ఇవ్వాలన్న మాట మీద. ఆ మాటలో ధర ఉండదు. పంట చేతికి వచ్చాక ఆయన చెప్పినదే ధర, ఆయన వేసినదే తూకం. జి.మాడుగుల వైపు ఒక ఊళ్లో పార్చ్‌మెంట్ తూచి డబ్బు లెక్కపెట్టి ఇస్తున్నప్పుడు ఒక పెద్దామె నాతో అన్న మాట ఇది: "ఇచ్చేది బాగానే ఇస్తన్నారు బాబూ, మాకు డబ్బు కావలసింది వానల్లో." అప్పులో ఉన్న కుటుంబం పంటను మాకు అమ్మాలనుకున్నా అమ్మలేదు, ఎందుకంటే అది అప్పటికే అమ్ముడైపోయి ఉంటుంది. కిలోకు మేము ఎంత పెంచినా ఆ కుటుంబానికి పైసా చేరదు.

అందుకని జులైలో, మాతో ఒప్పుకున్న ప్రతి కుటుంబానికీ, వారి అంచనా పంట విలువలో మూడో వంతు వడ్డీ లేకుండా ముందుగా ఇస్తాము. కోతల తర్వాత ఆ మొత్తాన్ని మినహాయించుకుంటాము. పంట దెబ్బతింటే మిగిలిన బాకీ మరుసటి ఏటికి వెళుతుంది, దాని మీద కూడా వడ్డీ ఉండదు. మాకు ఇది చిన్న భారం కాదు, ఆ సొమ్ము ఆరేడు నెలలు కొండ మీదే ఉంటుంది.

తూకం విషయంలో కూడా ఒక ఏర్పాటు చేశాము. సంతలో గింజ పచ్చిగా ఉందంటూ బస్తాకు ఇన్ని కిలోలని తరుగు తీయడం ఆనవాయితీ. గింజ నిజంగా ఆరిందా లేదా అన్నది రైతు పంటి కింద కొరికి చెబుతాడు, వర్తకుడు చేత్తో పట్టి కాదంటాడు, చివరికి వర్తకుడి మాటే నెగ్గుతుంది. మేము తేమ కొలిచే చిన్న యంత్రాన్ని బస్తా పక్కనే పెట్టి, అందులో కనిపించే అంకెను ఇంటివారికి చూపించి, చీటీ మీద రాసి ఇస్తాము. 10 శాతం దగ్గర ఉంటే తరుగు లేదు. ఎక్కువ ఉంటే బరువు కోయకుండా, మరో రెండు రోజులు ఎండబెట్టి ఇమ్మని అడుగుతాము. రైతుల పంటి లెక్క యంత్రం లెక్కకు చాలాసార్లు దగ్గరగానే ఉందని ఇక్కడ రాయడం న్యాయం.

దీన్ని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. కోకో పండించే ఘనా, ఐవరీ కోస్ట్ దేశాలు రైతుల జీవనాదాయం కోసమని 2020-21 పంట నుంచి టన్నుకు 400 డాలర్లు అదనంగా చెల్లించాలని నిబంధన పెట్టాయి. కొనే కంపెనీలు ఆ మొత్తం చెల్లిస్తూనే, ఆ దేశాల గింజ నాణ్యతకు అంతకుముందు ఇస్తున్న మరో అదనపు ధరను కోసుకుంటూ పోయాయి. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కోవడం అంటే ఇదే. మా 60 రూపాయలు తరుగులోనో గ్రేడింగులోనో మాయం కాకూడదు, అందుకే ప్రతి చీటీకి ఒక నకలు దుకాణంలో ఉంచుతాము. మీరు ఎప్పుడు అడిగినా, ఊరి పేరూ ఇంటి పేరూ కనిపించకుండా, చూపిస్తాము.

2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు కనిపించిన సంగతి మీలో చాలామందికి తెలుసు. 1990లో నీలగిరుల్లోని గూడలూరులో మన దేశంలో తొలిసారి బయటపడిన ఈ పురుగు పండు కొనలో రంధ్రం చేసి గింజలో గుడ్లు పెడుతుంది. దాన్ని అదుపు చేయాలంటే చెట్టు మీద మిగిలిన పండ్లనూ నేలరాలిన పండ్లనూ ఏరి, వేడినీటిలో ముంచి పూడ్చిపెట్టాలి. అమ్మకానికి పనికిరాని పండును ఏరడానికి కూడా కూలి ఖర్చవుతుంది. ఆ కూలిలో సగం మేము భరిస్తాము. ఇతర ప్రాంతాల కాఫీ మోసిన పాత గోనె సంచుల్లో పురుగు ప్రయాణం చేయగలదు కాబట్టి కొండకు కొత్త సంచులు మాత్రమే పంపుతున్నాము.

మిరియం గురించి ఒక మాట. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల పాదులు పాకించిన తోటల్లో అదే ఎకరం నుంచి రెండో ఆదాయం వస్తుంది. భూమి పెరగని చోట ఆదాయం పెరగడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు. పాదు కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఇప్పుడు నాటుతున్నవారి మిరియాలు అప్పటికి తప్పక కొంటామని రాతపూర్వకంగా ఇచ్చాము.

వీటన్నిటి తర్వాత కూడా ఎకరం తోట ఉన్న కుటుంబానికి జీవనాదాయం పూర్తిగా సమకూరుతుందని నేను చెప్పలేను. మేము చిన్న దుకాణదారులము, మేము కొనగలిగే కుటుంబాలు కొద్దివే. దారులు, వైద్యం, అటవీ హక్కుల పట్టాలు మా చేతిలో లేనివి. మా చేతిలో ఉన్నవి ధర, తూకం, సమయం.

సమయం విషయంలో మీ సాయం కూడా కోరుతున్నాము. నెలనెలా పొడి తీసుకునే ఇళ్లు ఏడాది సొమ్మును జూన్‌లోనే చెల్లిస్తే, జులైలో ఇచ్చే ముందస్తు సొమ్ముకు మేము బ్యాంకు అప్పు అంతగా చేయనవసరం ఉండదు. అలా చెల్లించినవారికి ఆ ఏడాది మధ్యలో ధర పెరిగినా పెంచము, తగ్గితే తేడాకు సరిపడా పొడి ఇస్తాము. ఇది ఇష్టమైతేనే, నెలకోసారి కొనేవారికి ఏ లోటూ రాదు. ఇప్పటికే పాత ధరకు సొమ్ము కట్టి ఉన్నవారి పొట్లాలన్నీ పాత ధరకే అందుతాయి, ఆ తేడాను రైతు సొమ్ములోంచి కాకుండా మేమే భరిస్తాము.