నిలువు బొరియలు, అడ్డం గీతలు

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, కోప్పడకురా. ఇంట్లో అందరూ బాగున్నారు, ఉద్యోగం నడుస్తోంది, దగ్గు తగ్గింది. అంతే. అసలు కబురు చెప్తేగానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

సముద్రం అడుగున బతికే జీవాల బొరియలు నీటి లోతు పెరిగేకొద్దీ ఆకారం మార్చుకుంటాయి. సముద్రం లోతయ్యేకొద్దీ బొరియ కూడా లోతవుతుందని అంటావు కదూ? సరిగ్గా తలకిందులు!

తీరం దగ్గర అలలు ఇసుకని కుదురుగా ఉండనివ్వవు. తిండి నీళ్లలోనే తేలుతుంటుంది. అందుకని అక్కడివి చాలావరకు నిట్టనిలువుగా తవ్వుకుని లోపల దాక్కుంటాయి, నీళ్లలోంచి తిండి వడకట్టుకుంటాయి. ఒక రకం రొయ్య అయితే ఇసుక కూలకుండా గోడలకి బురద ఉండలు అద్దుతుంది! ఇంకాస్త లోపలికి వెళ్తే అలల తాకిడి తగ్గుతుంది, తిండి అడుక్కి దిగుతుంది, బొరియలూ అడ్డంగా సాగుతాయి.

ఇక వేల మీటర్ల లోతున వెలుతురు లేదు, మొక్క లేదు. పైనుంచి రాలే నలుసులే ఆధారం. అవి దిగడానికే వారాలు పట్టొచ్చు, దారిలోనే చాలామటుకు ఎవరో ఒకరు తినేస్తారు. చేరిన కాస్తా బురద పైపొరలోనే ఉంటుంది. మరి కిందికి తవ్వి లాభమేముంది? అందుకే అక్కడి జీవాలు, వెళ్లిన దారిలో మళ్లీ వెళ్లకుండా, నాగలిచాళ్లలా మెలికలు తిరుగుతూ పైపైనే మేస్తాయి.

1967లో జైలాఖర్ అనే జర్మన్ శాస్త్రవేత్త, రాళ్లలో మిగిలిన బొరియల్ని బట్టి అక్కడ ఒకప్పుడున్న సముద్రం లోతు అంచనా వెయ్యొచ్చన్నాడు. గవ్వా ఎముకా దొరక్కపోయినా సరే! అయితే లోతొక్కటే లెక్క కాదు. తుఫాను ఇసుకని లోపలికి మోసుకెళ్లి పరిస్తే అక్కడా కొన్నాళ్లు నిలువు బొరియలు కనిపిస్తాయి. ప్రాణవాయువు మరీ తగ్గితే తవ్వేవాళ్లే ఉండరు, బురద పొరలు చెక్కుచెదరవు. పెత్తనమంతా తిండిది, ప్రాణవాయువుది, అలలది. లోతు వాటిని మార్చేస్తుంది కాబట్టే బొరియలూ లోతుని బట్టి మారతాయి.

పేలియోడిక్టియాన్ అనే వింత బొరియల అల్లిక గురించి చెప్పాలి! అట్లాంటిక్ మధ్యలో, సుమారు 3,500 మీటర్ల కింద, బురద మీద చిన్న చిన్న రంధ్రాలు, కొలిచి పెట్టినట్టు ఆరు కోణాల అల్లికలో. అదే అల్లిక కోట్ల ఏళ్ల నాటి రాళ్లలోనూ ఉంది. 2003లో ఆల్విన్ జలాంతర్గామిలో దిగి చూశారు. రంధ్రాల కింద సొరంగాలున్నాయి, జీవి మాత్రం లేదు! ఎవరు కడుతున్నారో ఇప్పటికీ తేలలేదురా. సొరంగాల్లో సూక్ష్మజీవుల్ని పెంచుకుని తినే జీవి ఏదో అయ్యుంటుందని జైలాఖర్ ఊహ. నాకూ అదే నచ్చింది. నువ్వేమంటావ్?

సముద్ర దోసకాయలనే జీవాల సంగతి ఇంకా మొదలే పెట్టలేదు, పోస్టు తీసే వేళయిపోతోంది, పరిగెత్తాలి. వెంటనే రాయి.

నీ
గోపి