రూటర్ చేతికి తీసుకునే ముందు

ప్రియమైన మిత్రమా,

నువ్వు ఉమ్మడి వర్క్‌షాపులో చేరావనీ, చెక్కలో అంచులు, గాళ్ళు తీసే బ్యాటరీ యంత్రమైన అక్కడి కార్డ్‌లెస్ రూటర్‌తో వచ్చే వారం అలమర తలుపుల అంచులు గుండ్రంగా తీయబోతున్నావనీ చదివి చాలా సంతోషించాను. అయితే పదిమంది చేతులు మారే యంత్రం కాబట్టి, ముందుగా నాకు జరిగినది చెబుతాను.

ఒకసారి పలకలో గాడి తీస్తూ చివరిదాకా వెళ్ళి చూస్తే, మొదట్లో సరిగ్గా ఉన్న లోతు పోనుపోను పెరిగిపోయింది. నా బిట్ (యంత్రంలో తిరుగుతూ చెక్కను కోసే ముక్క) కాడ 6 మిల్లీమీటర్లు; నాకంటే ముందు వాడినవారు బిగించి ఉంచిన కాలెట్ (బిట్ కాడను పట్టి ఉంచే బిగింపు) పావు అంగుళానిది, అంటే 6.35 మిల్లీమీటర్లది. కంటికి ఆనని ఆ తేడా వల్ల పట్టు చాలక బిట్ కొద్దికొద్దిగా కిందికి జారింది. అది పూర్తిగా ఊడి వచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. అందుచేత కాలెట్ మీది అంకెను, బిట్ కాడ కొలతను నీ కళ్ళతో నువ్వే సరిచూసుకో. కాడను అడుగు దాకా దించి, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లాగి బిగించు. అడుగును తాకుతూ ఉంటే కాలెట్ సరిగా పట్టదు. ఈ పని చేసేటప్పుడు బ్యాటరీ తీసి, కనిపించేలా బల్ల మీద పెట్టు. తీగ లేని యంత్రంలో బ్యాటరీ ఉన్నంతసేపూ అది తిరగడానికి సిద్ధంగా ఉన్నట్టే.

నడిపే దిశ కూడా ముఖ్యం. బయటి అంచుల మీద అప్రదక్షిణంగా, లోపల కోసిన ఖాళీ అంచుల మీద ప్రదక్షిణంగా నడపాలి. తిరగేసి నడిపితే బిట్ చెక్కను పట్టుకుని యంత్రాన్ని ముందుకు లాక్కుపోతుంది. తలుపుకు నార అడ్డంగా తెగే చివరలను ముందు పూర్తిచేస్తే, అక్కడ మూలల్లో లేచిన పెచ్చులు తర్వాత నిలువు అంచులు తీసేటప్పుడు పోతాయి.

గుండ్రటి అంచులకు, అంచు వెంట దొర్లుతూ దారి చూపే బేరింగ్ ఉన్న బిట్ చాలు, వేరే గైడు అక్కర్లేదు; బేరింగ్ ఆనే అంచు మాత్రం నున్నగా ఉండాలి, లేకపోతే ఆ గుంటలన్నీ కోతలోనూ దిగుతాయి. ఒక్కసారే పూర్తి లోతు తీయకుండా రెండు మూడు విడతలుగా తియ్యి. చెక్క నల్లబడుతుంటే నువ్వు మరీ నెమ్మదిగా జరుపుతున్నావని గానీ, బిట్‌కు జిగురు పట్టిందని గానీ అర్థం. కళ్ళద్దాలు, చెవులకు రక్షణ, ధూళి ముసుగు తప్పనిసరిగా పెట్టుకో.

పని అయ్యాక బిట్ విప్పి, కాలెట్‌ను దాని పెట్టెలో పెట్టి, బ్యాటరీని ఛార్జరుకు తగిలించి రా. నీ తర్వాత వచ్చేవారికి నాకు జరిగినట్టు జరగకూడదు. మొదటి తలుపు పూర్తయ్యాక అంచులు ఎలా వచ్చాయో వివరంగా రాయి.

నీ మిత్రుడు