చొక్కా మీద నుంచే స్టెతస్కోపా?

సంపాదకుడు గారికి,

చాలా ఆసుపత్రుల ఓపీల్లో స్టెతస్కోపు పెట్టి చూడటం మొక్కుబడి తంతు అయిపోయింది. రోగి కూర్చోగానే చొక్కా మీదే రెండు చోట్ల ఆనిస్తారు, మందులు రాసేస్తారు. తర్వాతి రోగి అప్పటికే పక్కన నిలబడి ఉంటాడు, తలుపు తెరిచే ఉంటుంది, బయట టోకెన్ నంబర్లు పిలుస్తుంటారు. ఆ గోలలో డాక్టరుకు ఏం వినిపిస్తుంది?

బట్ట రాసుకున్న చప్పుడు ఒక్కోసారి న్యుమోనియాలో వినిపించే చిటపటల్లాగే ఉంటుంది. లేని జబ్బు ఉన్నట్టు తోచవచ్చు, ఉన్నది ఆ రాపిడిలో కలిసిపోవచ్చు. పైగా ఊపిరితిత్తుల కింది భాగాలు వినాలంటే వీపు మీద పెట్టాలి. గుండె శబ్దాలు ఇంకా సున్నితం. గుండెలోని మైట్రల్ వాల్వ్ (ఒక కవాటం) ఇరుకైనప్పుడు వచ్చే శబ్దం చాలా మంద్రంగా ఉంటుంది. రోగిని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోపుకు చిన్న గిన్నెలా ఉండే ‘బెల్’ వైపును ఒత్తకుండా ఆనిస్తే తప్ప అది అంత తేలిగ్గా దొరకదు. ఇదంతా మెడికల్ కాలేజీలో నేర్పే పాఠమే.

ఉబ్బసంలో పిల్లికూతలు వినపడకపోతే తగ్గిందనుకోవడానికి లేదు. బాగా ముదిరినప్పుడు లోపల గాలి సరిగా ఆడక ఛాతీలో ఏ చప్పుడూ ఉండదు, ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే. చుట్టూ ఇంత రొద పెట్టుకుని ఆ నిశ్శబ్దాన్ని ఎలా పసిగడతారు?

ఎకోలు (గుండె స్కానింగులు), ఎక్స్‌రేలు ఉన్నాయి కదా అంటారు. అవి ఎవరికి అవసరమో ముందు తేలాలి కదా!

ఆడవాళ్ల విషయంలో మొహమాటం అడ్డొస్తుందన్న మాటా వింటుంటాం. అసలు స్టెతస్కోపు పుట్టిందే ఆ మొహమాటం వల్ల. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు, ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడం బాగుండదని కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్నాడు. ఆ ఇబ్బంది తీరడానికి ఇవాళ కావలసింది ఒక తెర, తోడుగా ఒక నర్సు.

డాక్టర్లను తప్పుపట్టాలని కాదు. ఒక పూటలో ఎంతమందిని చూడాలో, గదిలోకి ఒకేసారి ఎందరిని పంపాలో చాలాచోట్ల నిర్ణయించేది యాజమాన్యాలే. ఆసుపత్రులను తనిఖీ చేసే అధికారులు మంచాలు, పరికరాలు లెక్కపెట్టడంతో పాటు ఓపీ గదికి మూసుకునే తలుపు ఉందా, పరీక్ష బల్ల చుట్టూ తెర ఉందా, రోగులను ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నారా అన్నది కూడా చూడాలి.

— ఒక పాఠకురాలు