మా డ్యూటీ చార్టు ఒక్కసారి చూడండి: కర్ణాటక వైద్య విద్యా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. బెంగళూరులో ఒక వైద్య కళాశాల ఎమర్జెన్సీ విభాగంలో పీజీలకు పాఠం చెప్పే డాక్టర్ని నేను. సొంతూరు హిందూపురం. ఈ ఉత్తరం కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. తెలుగులో కూడా ఎందుకంటే, అనంతపురం, కర్నూలు, చిత్తూరు మొదలుకొని గుంటూరు, వరంగల్ దాకా ఎన్నో ఇళ్ల పిల్లలు ఈ ఊళ్లో పీజీ చేస్తున్నారు. ఫోన్లో గొంతు విని "ఏమ్మా, రాత్రి నిద్రపోలేదా?" అని అడిగే అమ్మానాన్నలకు ఇక్కడ ఏం జరుగుతోందో తెలియాలి. అడిగి, మళ్లీ వాళ్లే "డాక్టరు చదువంటే అంతే కదా, మూడేళ్లు ఓర్చుకో" అని సర్దిచెబుతున్నారు, అందుకే మరీ తెలియాలి.

ఏటా జూలై 1న డాక్టర్స్ డే చేస్తాం. చాలా కాలేజీల్లో ఆ రోజు ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో ఒక ఉపన్యాసం ఉంటుంది. కాసేపు ప్రాణాయామం, చివర్లో తలా ఒక గులాబీ, గ్రూప్ ఫొటో. ఆ హాల్లోకి రాలేనిది ఎవరయ్యా అంటే ఎమర్జెన్సీ డ్యూటీలో ఉన్నవాళ్లు. ప్రాణాయామం మీద నాకేమీ కోపం లేదు. కానీ నిన్న పొద్దున్నుంచి మేలుకునే ఉన్న పిల్లకు కావలసింది నిద్ర. ఆ నిద్ర ఉందో లేదో తేల్చేది డ్యూటీ చార్టు. ఆ చార్టు మీద సంతకం ఎవరిది, దాన్ని ఎవరైనా తనిఖీ చేస్తున్నారా? నేను మీ ముందు పెడుతున్న విషయం ఇంతే.

నిబంధనలు లేవని ఎవరూ అనలేరు. 1992లో కేంద్ర ఆరోగ్య శాఖ తెచ్చిన రెసిడెన్సీ పథకంలోనే ఉంది: జూనియర్ రెసిడెంట్ల (అంటే పీజీల) పని మామూలుగా వారానికి 48 గంటలు, ఒక దఫా 12 గంటలకు మించకూడదు. 2023లో జాతీయ వైద్య కమిషన్ పీజీ నిబంధనలు వచ్చాయి. అందులో అంకె లేదు. పని గంటలు సమంజసంగా ఉండాలి, విశ్రాంతికి తగినంత సమయం ఇవ్వాలి అని మాత్రం ఉంది. సమంజసం అంటే ఎంత అన్నది విభాగాధిపతి (హెచ్‌ఓడీ) గారి దయ. 2024లో వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై అదే కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటొద్దని, వారానికో రోజు సెలవు, రోజుకు ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలని సిఫార్సు చేసింది. దానికి అధ్యక్షత వహించింది మన ఊరి మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ప్రొఫెసర్ డాక్టర్ సురేశ్ బాడ మఠ్. ముప్పై ఏళ్లలో అంకె 48 నుంచి 74కి ఎక్కింది చూడండి. పోనీ, ఆ 74 అయినా నిజంగా అమలైతే మా పిల్లలు పండగ చేసుకుంటారు.

ఆ టాస్క్‌ఫోర్స్ ఆన్‌లైన్ సర్వేకు జవాబిచ్చిన పీజీలు 5,337 మంది. ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని వాళ్లలో 31.2 శాతం చెప్పారు. ఆన్‌లైన్ సర్వే కాబట్టి బాధలో ఉన్నవాళ్లే ఎక్కువగా రాసి ఉంటారని మీ అధికారులు అనొచ్చు. సరే, సగానికి సగం తగ్గించండి. అప్పటికీ ప్రతి ఆరేడుగురిలో ఒకరు. ఈ పిల్లల చేతికే మనం అర్ధరాత్రి వెంటిలేటర్ అప్పజెబుతున్నాం.

ఇక ఎమర్జెన్సీ సంగతి. మన దేశంలో ఇది ఇంకా చిన్న బిడ్డే. మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దీన్ని ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించింది 2009లో. అంతకుముందు 'క్యాజువాలిటీ' అనేవాళ్లం. ఎవరికీ చెందని గది, ఏ విభాగంలోనూ ఇమడని డాక్టరు అక్కడ ఉండేవాడు. 2020 నిబంధనల్లో ప్రతి వైద్య కళాశాలకూ ఎమర్జెన్సీ మెడిసిన్ విభాగం తప్పనిసరి చేశారు. సంతోషించే లోపే 2023లో కాలేజీల కనీస ప్రమాణాల నిబంధనల్లో తప్పనిసరి విభాగాల జాబితా నుంచి దాన్ని తీసేశారు. 24 గంటల అత్యవసర సేవ ఉండాలట, దాన్ని నడిపే విభాగం మాత్రం ఉన్నా లేకున్నా ఫర్వాలేదట. ఈ తర్కం నాకు ఇప్పటికీ అంతుపట్టదు. విభాగం ఐచ్ఛికమైతే ప్రొఫెసర్ పోస్టులూ ఐచ్ఛికమే. సీనియర్లు లేనిచోట భారమంతా రెండో ఏడాది పీజీ నెత్తిన పడుతుంది.

వార్డులో 24 గంటల డ్యూటీకి, ఎమర్జెన్సీలో 24 గంటల డ్యూటీకి తేడా ఉంది. వార్డులో రాత్రి రెండు నుంచి నాలుగు దాకా అదృష్టం బాగుంటే నడుం వాల్చొచ్చు. మా దగ్గర ఆ సమయానికే దేవనహళ్లి వైపు హైవే మీద యాక్సిడెంట్ కేసులు దిగుతాయి. ఊరి చివర నుంచో, సరిహద్దు దాటి మా ఉమ్మడి అనంతపురం జిల్లా నుంచో పురుగుల మందు తాగినవాళ్లను తెస్తారు. ఒక కుర్రాడికి సీపీఆర్ చేసి, ఫలితం లేక ఆపేసి, బయట నిలబడ్డ తండ్రికి ఆ మాట చెప్పి, చేతులు కడుక్కుని, పక్క బెడ్ మీద జ్వరంతో ఉన్న పాప దగ్గరికి నవ్వుముఖంతో వెళ్లాలి. "గంట నుంచి కూర్చున్నాం, మమ్మల్ని చూసే దిక్కే లేదా?" అని ఆ పాప నాన్న అరుస్తాడు. ఆయన తప్పేమీ లేదు, లోపల ఏం జరిగిందో ఆయనకు తెలియదు. ఈలోగా ఐసీయూలో బెడ్ ఖాళీ లేదని, ఊపిరి కోసం గొంతులో ట్యూబ్ వేసిన పేషెంట్ మా దగ్గరే ఉండిపోతాడు. ఎమర్జెన్సీ పీజీ అప్పటికప్పుడు ఐసీయూ డాక్టరు కూడా అవుతాడు. ఎంఎల్‌సీ (పోలీసు కేసులయ్యే పేషెంట్ల) రాతలు, పోలీసులకు ఇంటిమేషన్, పేషెంట్లను తర్వాతి డాక్టరుకు అప్పగించే హ్యాండోవర్ అన్నీ అయ్యేసరికి కాగితం మీద పన్నెండు గంటలున్న డ్యూటీ పద్నాలుగు అవుతుంది. ఇరవై నాలుగున్నది ఎంతవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంకొక పని ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోరు. ఈ ఊరి ఆసుపత్రులకు సీమ జిల్లాల నుంచి వచ్చేవాళ్లు చాలామంది. కన్నడ రాదు, ఇంగ్లీషు రాదు. ఏ బెడ్ దగ్గర తెలుగు కుటుంబం ఉన్నా సిస్టర్లు తెలుగు పీజీనే పిలుస్తారు. మందులు ఎలా వాడాలో చెప్పడానికైతే ఇబ్బంది లేదు. కానీ చావు కబురు కూడా ఆ అమ్మాయే చెప్పాలి. తను చూడని పేషెంట్, తను చేయని వైద్యం, అయినా మదనపల్లె నుంచి వచ్చిన ఆ తల్లి పట్టుకుని ఏడ్చేది మాత్రం ఈ పిల్లనే. ఇలా ఒక్క డ్యూటీలో ఎన్నిసార్లయినా కావచ్చు. చావు కబురు ఎలా చెప్పాలో, చెప్పాక తన మనసును ఎలా నిలబెట్టుకోవాలో ఆ పిల్లకు ఎవరు నేర్పారు? ఇంటర్న్‌షిప్‌లో క్యాజువాలిటీకి రెండు వారాలు. పీజీలో దాన్నొక నైపుణ్యంగా నేర్పి, పరీక్షించే చోట్లు తక్కువ. ట్యూబ్ వేయడం బొమ్మ మీద నేర్పుతున్నాం కదా, ఇది కూడా నేర్పొచ్చు. ఒక మరణం తర్వాత టీమంతా పది నిమిషాలు నిలబడి ఏం జరిగిందో మాట్లాడుకోవడానికి డబ్బు ఖర్చు కాదు. కానీ ఆ పది నిమిషాలు పేషెంట్లను చూడ్డానికి ఇంకొకరు ఉండాలి. తిరిగి తిరిగి మళ్లీ డ్యూటీ చార్టు దగ్గరికే వస్తున్నాం.

నిద్రలేమి గురించి 1997లో ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన ఒకటి మీ దృష్టికి తెస్తాను. 17 గంటలు మేలుకున్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితనంతో సమానంగా దిగజారిందని తేలింది. 24 గంటలకు అది దాదాపు 0.10 శాతం. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 0.03 దాటితే బండి సీజ్, కేసు. శనివారం రాత్రి ఎం.జి. రోడ్డు దగ్గర ట్రాఫిక్ పోలీసులు నిలబెట్టి ఊదించేది ఆ 0.03 కోసమే. అదే స్థితిలో ఉన్న డాక్టర్ని మనం ఇంజెక్షన్ డోసు లెక్కకట్టమంటున్నాం, తర్వాత స్కూటీ మీద ఇంటికి పొమ్మంటున్నాం.

అమెరికాలో 1984లో లిబీ జియాన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి న్యూయార్క్ ఆసుపత్రిలో, సుదీర్ఘ డ్యూటీల్లో ఉన్న రెసిడెంట్ల చికిత్సలో చనిపోయాక ఈ చర్చ మొదలైంది. 2003 నుంచి అక్కడ రెసిడెంట్లందరికీ వారానికి 80 గంటల పరిమితి ఉంది. ఎమర్జెన్సీ వాళ్లకైతే ఇంకా కట్టుదిట్టం: ఏకధాటిగా 12 గంటలే, వారంలో పేషెంట్లను చూసేది 60 గంటలే, చదువుతో కలిపి 72. మొన్న 2024లో ఐటీ ఉద్యోగులకు రోజుకు 14 గంటల ప్రతిపాదన బయటికొస్తే బెంగళూరు ఎంత గగ్గోలు పెట్టిందో మీకు గుర్తుండే ఉంటుంది. మంచిదే. ఆ గగ్గోలులో పదో వంతు మా వాళ్ల కోసం కూడా ఎవరైనా పెడితే బాగుండునని అప్పుడు అనిపించింది.

దీనికి ఎదురుగా వచ్చే వాదన ఒకటుంది, అందులో బలం ఉంది. షిఫ్టులు చిన్నవైతే హ్యాండోవర్లు పెరుగుతాయి, హ్యాండోవర్‌లోనే పొరపాట్లు దొర్లుతాయి అంటారు. సర్జరీ, జనరల్ మెడిసిన్ రెసిడెంట్ల మీద అమెరికాలో జరిగిన పెద్ద ట్రయల్స్‌లో షిఫ్టు నిడివి సడలించినా రోగులకు హాని పెరగలేదని తేలిన మాట వాస్తవం. అయితే ఆ ట్రయల్స్‌లో షిఫ్టు సడలించిన వర్గానికీ, సడలించని వర్గానికీ వారానికి 80 గంటల కట్టుబాటు అలాగే ఉంది. మనకు అదే లేదు. పైగా అవి వార్డుల సంగతి, ఎమర్జెన్సీ సంగతి కాదు. "మనుషులు లేరు" అన్న రెండో వాదనకు నా దగ్గర పెద్ద జవాబు లేదు. పీజీ చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి. డ్యూటీ మెడికల్ ఆఫీసర్ను పెట్టుకోలేని ఆసుపత్రి, ఆ ఖాళీని విద్యార్థితో పూడ్చుకుంటూ ఫీజు కూడా అతని దగ్గరే తీసుకుంటోంది.

మీ చేతిలో ఏముంది అంటారేమో. చాలా ఉంది. రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి మీరు ప్రో-చాన్సలర్. డీమ్డ్ యూనివర్సిటీలు దాని కింద లేవు, నిజమే, కానీ ప్రభుత్వ కాలేజీలూ, అఫిలియేషన్ ఉన్న ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి. అఫిలియేషన్ తనిఖీకి వచ్చే కమిటీ బెడ్లు లెక్కపెడుతుంది, లైబ్రరీలో పుస్తకాలు లెక్కపెడుతుంది. గత మూడు నెలల ఎమర్జెన్సీ డ్యూటీ చార్టు కూడా అడగమనండి. చార్టు ఒకటి, అసలు జరిగేది ఒకటి ఉంటుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. దానికీ మందు కాలేజీల్లోనే ఉంది. ఆధార్ బయోమెట్రిక్ హాజరు ఇప్పటికే నడుస్తోంది. హాజరు తక్కువైందా అని మాత్రమే ఆ యంత్రాన్ని అడుగుతున్నాం. ఎక్కువైందా అని కూడా అడగొచ్చు. వచ్చిన వేళ, వెళ్లిన వేళ పీజీల చేత కూడా నమోదు చేయించి, ఒక దఫాకు 12 గంటలు, వారానికి 74 దాటిన ప్రతిసారీ ఆ వివరం కాలేజీకి కాక నేరుగా విశ్వవిద్యాలయానికి వెళ్లేలా చేయించండి. కాలేజీకి వెళ్తే ఏమవుతుందో మా పిల్లలకు బాగా తెలుసు. థీసిస్ మీద సంతకం పెట్టే చేతి మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు?

పడుకునే చోటు గురించి కూడా ఒక మాట. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో ఘోరానికి బలైన పీజీ, డ్యూటీ మధ్యలో సెమినార్ హాల్లో విశ్రాంతి తీసుకుంటోంది. ఆ తర్వాత నేను చూసినంతలో కెమెరాలు పెరిగాయి, సెక్యూరిటీ గార్డులు పెరిగారు. ఎమర్జెన్సీ పక్కనే లోపల గడియ, బాత్రూము ఉన్న డ్యూటీ రూము, ఆడవాళ్లకు విడిగా, ఉందా లేదా అని ఎవరూ వచ్చి చూడలేదు. డాక్టర్ల మీద దాడుల్ని శిక్షించే చట్టం మన రాష్ట్రంలో 2009 నుంచే ఉంది. అది దాడి జరిగాక పనికొస్తుంది.

మనసు బాగోలేకపోతే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది కదా అంటారు. ఉంది, మంచి సేవ. దేశం మొత్తానికి దాని కేంద్రం నిమ్హాన్స్‌లోనే. మా పిల్లలకు నేనే ఆ నంబరు ఇస్తుంటాను. కానీ ఫోన్ చేసి మాట్లాడటానికి కూడా ఒక అరగంట ఖాళీ ఉండాలి.

పీజీల గోడు ఇంతైతే, మూడేళ్లు గడిచాక మా గోడు మొదలవుతుంది. వేరే విభాగాల్లో వయసుతో పాటు నైట్ డ్యూటీలు తగ్గుతాయి. ఎమర్జెన్సీ కన్సల్టెంట్‌కు యాభై దాటినా రాత్రులు తప్పవు. అందుకే నాకు తెలిసిన మంచి ఎమర్జెన్సీ డాక్టర్లు కొందరు అడ్మినిస్ట్రేషన్‌కో, విదేశాలకో వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లిపోతే పాఠం చెప్పేదెవరు? యాభై దాటినవాళ్లకు నైట్ డ్యూటీలు తగ్గించి, ఆ సమయాన్ని బోధనకు కేటాయించే నియమం ప్రభుత్వ కాలేజీలతోనైనా మొదలుపెట్టండి.

నేను అడిగేవాటిలో కొత్త చట్టం అవసరమైనది ఒక్కటీ లేదు. డ్యూటీ గంటల తనిఖీని అఫిలియేషన్ షరతుగా చేర్చే ఉత్తర్వు వచ్చే పీజీ బ్యాచ్ చేరేలోగా వస్తుందా? రాకపోతే ఎందుకు రాదో రాతపూర్వకంగా తెలియజేయండి. మీ జవాబును కన్నడంలోనూ తెలుగులోనూ మా నోటీసు బోర్డులో పెడతాను.

భవదీయుడు,
ఎమర్జెన్సీ మెడిసిన్ అధ్యాపకుడు,
బెంగళూరు